పదిహేడు సెలవు చీటీలు

అతన్ని వీధిలో అందరూ అట్టలాయన అంటారు. పుస్తకాలకు అట్టలు వేసి కుట్టడం అతని పని కాబట్టి ఆ పేరు పడింది. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనపడదు. జిరాక్సు షాపుకు ఆనుకుని ఒకే ఒక్క గది అతని కొట్టు. అందులో సగం కత్తిరింపు మిషనే ఆక్రమించింది. మిగిలిన సగంలో ఒక బల్ల, బల్ల మీద జిగురు గిన్నె, దబ్బనాలు గుచ్చిన పాత దిండు, మైనం పట్టించిన దారం ఉండ. కోర్టు కాగితాలు, ఆఫీసు లెడ్జర్లు, కాలేజీ పిల్లల ప్రాజెక్టులు, బడి రిజిస్టర్లు, ఊళ్ళో చిందరవందరైన కాగితం ఏదైనా చివరికి ఆ బల్ల మీదికి చేరాల్సిందే.

పనిమంతుడు. ఆ మాట ఇప్పుడే ఒప్పేసుకుందాం, ఎందుకంటే తర్వాత చెప్పబోయేదాంట్లో అతన్ని మెచ్చుకోవడానికి పెద్దగా చోటుండదు. అతను కుట్టిన పుస్తకం ఎక్కడ తెరిస్తే అక్కడ బుద్ధిగా పడుకుంటుంది, తన్నుకుని మూసుకోదు. ఇరవై ఆరేళ్ళలో ఎవరి కాగితమూ ఒక్కటంటే ఒక్కటి పోగొట్టలేదు. పని నేర్పిన పెద్ద మేస్త్రి మొదటి రోజే చెప్పాడట: మనకు కాగితం నాలుగంచులూ సరిగ్గా ఉంటే చాలు, మధ్యలో ఏం రాసుందో రాసినవాళ్ళు చూసుకుంటారు అని. అట్టలాయన ఆ మాటను అక్షరాలా పాటించాడు. విడాకుల కాగితాలు కుట్టాడు, వీలునామాలు కుట్టాడు, ఆసుపత్రి రికార్డులు కుట్టాడు. ఒక్క ముక్క చదవలేదు. అదేమంత గొప్ప నిగ్రహం అనుకోనక్కర్లేదు. రాత ఎదురుగా కనపడితే ఇప్పటికీ అతని అరచేతులకు చెమట పడుతుంది.

ఆ చెమట అతనికి తండ్రి ఇచ్చింది. తండ్రి మిల్లులో కాపలాదారు. పగలంతా పడుకుని, సాయంత్రం డ్యూటీకి బయల్దేరే ముందు ఒక గంట కొడుకును కూర్చోబెట్టుకుని ఎక్కాలు అడిగేవాడు. ఆయనకు తొమ్మిదో ఎక్కం దాటితే రాదు, కానీ తప్పు పట్టుకోవడం మాత్రం బాగా వచ్చు. తప్పుకో దెబ్బ, ఏడిస్తే ఇంకోటి. మర్నాడు బళ్ళో వేళ్ళు మడతపడక పెన్సిలు జారిపోయేది. రాయలేదని మాస్టారు అదే చేతి మీద మరో రెండు వడ్డించేవాడు. ఇంటి సంగతి బడికి తెలియదు, బడి సంగతి ఇంటికి తెలియదు. రెండూ తెలిసినవాడికి పదేళ్ళు.

ఆరో తరగతి మధ్యలో ఒకరోజు బడికని బయల్దేరి బస్సుల షెడ్డు వెనక కూచున్నాడు. ఎవరూ అడగలేదు. మర్నాడూ అక్కడే కూచున్నాడు. అలా నెల గడిచాక పెద్ద మేస్త్రి కొట్టు ముందు నిలబడి కాగితాలు మడవడం చూస్తుంటే, ఆయన లోపలికి పిలిచి ఒక కట్ట చేతిలో పెట్టాడు. మడత వంకరపోయింది. దెబ్బ పడుతుందని భుజాలు ముడుచుకున్నాడు. ఆయన దాన్ని విప్పి, గోటితో గీటి, మళ్ళీ మడిచి చూపించాడు. ఆ రోజు నుంచి అక్కడే ఉండిపోయాడు.

పెద్దయ్యాక అట్టలాయన ఈ కథను జనానికి చెప్పే తీరు వేరు. నవ్వుతూ చెప్పేవాడు. మా నాన్న నాలుగు తగిలించబట్టే మనిషినయ్యాను, లేకపోతే ఏమైపోయేవాణ్ణో అనేవాడు. వినేవాళ్ళూ నవ్వి, వాళ్ళ వాళ్ళ నాన్నల దెబ్బలు ఏకరువు పెట్టేవాళ్ళు. ఏమైపోయేవాడో మాత్రం ఎవరూ అడగలేదు. మహా అయితే ఏడో తరగతికి వెళ్ళిపోయేవాడు.

అతనికి ఒక్కతే కూతురు. ఇంట్లో అమ్మడు అంటారు. పుట్టినప్పుడు ఆ పిల్లను చేతుల్లోకి తీసుకుని, దీన్ని చదివిస్తాను, నేను ఆగిన చోట దీన్ని ఆగనివ్వను అని భార్యతో అన్నాడు. కొట్టను అని మాత్రం అనలేదు. అనాలని కూడా తోచలేదు. అంత పసిగుడ్డును చూస్తూ కొట్టడం గురించి ఎవరాలోచిస్తారు?

ఆరో తరగతి దాకా పిల్ల చురుగ్గానే ఉంది. ఏడులో ఒకసారి లెక్కల్లో మార్కులు తగ్గాయి. అప్పటి నుంచి సాయంత్రాలు తనే ఎదురుగా కూచోవడం మొదలుపెట్టాడు. లెక్కలు అతనికి రావు. పుస్తకం వెనకున్న జవాబుల పేజీలో వేలు పెట్టుకుని, పిల్ల చెప్పింది దానితో కలిసిందా లేదా అని మాత్రం చూసేవాడు. నోటు పుస్తకంలో మార్జిన్లు గీసిపెడదామని కొట్టు నుంచి ఇనుప స్కేలు తెచ్చాడు. మొదటి వారం మార్జిన్లే గీశాడు.

ఆ తర్వాత సంగతి చెప్పడానికి ఎవరికీ నోరు రాదు, అతనికైతే అసలే రాదు. అడిగినవాళ్ళు లేరు గానీ, అడిగితే రెండంటే రెండు దెబ్బలు, అదీ దాని బాగుకే అనేవాడేమో. రెండు కాదు. అతను ఎదురుగా కూచుంటే చాలు, పిల్లకు వచ్చింది కూడా మరుపున పడేది. బళ్ళో గడగడా చెప్పిన జవాబు ఇంట్లో గొంతులోనే ఆగిపోయేది. ఆగిపోయినకొద్దీ ఇతనికి ఒళ్ళు మండేది. నేనింత కష్టపడుతుంటే దీనికి పొగరు అనుకునేవాడు. స్కేలు లేచేది. చెయ్యి చాపమంటే పిల్ల చాపేది. ఎనిమిదో తరగతి వచ్చేసరికి అడక్కుండానే చాపడం నేర్చుకుంది. తొమ్మిదికి వచ్చేసరికి బళ్ళో కూడా నోరు విప్పడం మానేసింది.

భార్య అడ్డం రాకపోలేదు. ఆవిడ పళ్ళ డాక్టరు దగ్గర పనిముట్లు కడుగుతుంది, పేషెంట్ల పేర్లు పిలుస్తుంది. నెమ్మదస్తురాలు. రెండుసార్లు మధ్యలోకి వచ్చింది. రెండుసార్లూ, నువ్వలా వెనకేసుకొచ్చే దీన్ని పాడుచేస్తున్నావని ఇతను ఒంటికాలి మీద లేచాడు, ఆ కోపం కూడా పిల్ల చేతి మీదే తీరింది. మూడోసారి నుంచి ఆవిడ వంటగదిలోంచి బయటికి రాలేదు.

అలా ఉండగా వేసవి పరీక్షలకు ఐదు వారాల ముందు, అమ్మడు చదివే బడి గుమాస్తా రిక్షాలో రిజిస్టర్లు వేసుకుని కొట్టుకు వచ్చాడు. ఆ బళ్ళో ఒక పద్ధతి ఉంది. పదిహేను రోజులకు మించి చీటీ లేకుండా బడి ఎగ్గొట్టిన పిల్లను ఏడాది చివరి పరీక్షకు కూర్చోనివ్వరు. సెలవు చీటీ ఇచ్చిన రోజులు మాత్రం మినహాయిస్తారు. రెండేళ్ళ క్రితం తీగకు గుచ్చిన చీటీలు ఎలుకల పాలై, తల్లిదండ్రులు వచ్చి నానా రభసా చేశారు. అప్పుడు బడి పెద్ద మేడమ్ ఒక నియమం పెట్టింది. ఒక్కో తరగతి హాజరు రిజిస్టరునూ, ఆ తరగతి సెలవు చీటీలన్నిటినీ ముందు ఒకే పుస్తకంగా కుట్టించాలి; ఆ పుస్తకం చూసే గుమాస్తా లెక్క తేల్చాలి. అందులో ఉన్నదే చీటీ, లేనిది లేనట్టే.

ఎనిమిదో తరగతి దాకా ఇట్టే అయిపోయింది. తొమ్మిదో తరగతి కట్ట విప్పి, చీటీలను బల్ల మీద తట్టి అంచులు కలుపుతుంటే, కొన్ని చీటీలు మిగతావాటికంటే సన్నంగా ఉండి లోపలికి జారిపోతున్నాయి. అలాంటివాటిని ఊరికే కుడితే దారం అందదు. ఒక్కోదానికి అంచున చిన్న కాగితప్పట్టీ అతికించి, ఆ పట్టీని కుట్టాలి. విసుక్కుంటూ వాటిని ఏరి పక్కన పెట్టి, మొదటిదాని అంచు మీద జిగురు రాయబోతూ వేలితో తడిమాడు.

వేలికి వెంట్రుకంత గీత తగిలింది. ఆ గీత అతని మిషనుది. బ్లేడుకు ఒక మూల చిన్న నొక్కు పడి చాలా రోజులైంది. అది కోసిన ప్రతి కాగితం అంచునా కంటికి ఆనని గీటు ఒకటి తేలుతుంది. ఇవి తన కొట్టులో లెడ్జర్లు కోయగా మిగిలిన ముక్కలన్నమాట. మా కాగితమే ఇది, ఇక్కడికెలా వచ్చింది చెప్మా అని ఒక్క క్షణం సరదా పడ్డాడు కూడా. ఆ ముక్కలను అతను ఇంటికి తప్ప ఎక్కడికీ పట్టుకెళ్ళడు. చిత్తు లెక్కలు చేసుకోమని పిల్లకు ఇస్తాడు.

ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి, కుట్టాల్సిన కాగితాన్ని చదివాడు.

గుండ్రటి చేతిరాత. మార్జిన్ వదిలి, తేదీ వేసి, పద్ధతిగా రాసింది. నిన్న సాయంత్రం నుంచి నాకు జ్వరంగా ఉంది, నాన్న నా పక్కనే కూచుని తడిగుడ్డ వేశారు, కాబట్టి ఈ రోజు సెలవు ఇప్పించగలరు. కింద తల్లి సంతకం. ఇంకోటి తీశాడు. మెట్ల మీద జారిపడి కుడిచేతికి దెబ్బ తగిలింది, నాన్న నన్ను ఎత్తుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. వాళ్ళింట్లో మెట్లే లేవు. ఇంకోటి. నాన్న పని మానుకుని నా దగ్గరే ఉన్నారు. ఇంకోటి. చెయ్యి వాచి అన్నం కలుపుకోలేకపోతే నాన్న తినిపించారు.

మొత్తం పదిహేడు. పదిహేడింటిలోనూ నాన్న ఉన్నాడు. పిల్ల జ్వరానికి తల్లడిల్లే నాన్న, ఎత్తుకునే నాన్న, కథలు చెప్పే నాన్న. ఇంతమంచి తండ్రి లోకంలో ఎవరికుంటాడు? అట్టలాయన తేదీలు చూశాడు. అతనికి తేదీలు పనులను బట్టి గుర్తుంటాయి. కోర్టు కట్ట అప్పజెప్పిన రోజు. జిగురు మాడిపోయిన రోజు. సహకార సంఘం వాళ్ళు అట్ట రంగు నచ్చలేదని పుస్తకాలు తిప్పి పంపిన రోజు. ప్రతి చీటీకి ముందు రోజు సాయంత్రం అతనికి గుర్తొచ్చింది. స్కేలు గుర్తొచ్చింది. ఒకటి రెండు తేదీలు గుర్తు రాకపోతే బాగుండునని చాలాసేపు కాగితం వంక చూశాడు. అవీ గుర్తొచ్చాయి.

ఇంకో సంగతి కూడా గుర్తొచ్చి, ఒంటరిగా ఉన్నా ముఖం దాచుకోవాలనిపించింది. రెండు నెలల క్రితం బడి గేటు దగ్గర క్లాసు టీచరు ఇతన్ని చూసి, పక్కనున్న తల్లిదండ్రులతో, పిల్లల్ని ఎలా చూసుకోవాలో ఈయన్ని చూసి నేర్చుకోండి అంది. పిల్లను రోజూ ఎదురుగా కూచోబెట్టి చదివిస్తున్నందుకే అంటోందనుకుని, ఏదో మీ అభిమానం అని చేతులు జోడించి మరీ నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు తల కొట్టేసినట్టయింది.

ఇక్కడ అతను చేసిన పని మంచివాడు చేసేది కాదు, తెలివైనవాడు చేసేది కూడా కాదు. ఈ చీటీలను తన చేత్తో, తన దారంతో కుట్టి, బళ్ళో పదికాలాలపాటు ఉండేలా అట్టవేసి ఇవ్వడం అతని వల్ల కాలేదు. పదిహేడింటినీ మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మిగిలినవి కుట్టేశాడు. పుస్తకం చక్కగా వచ్చింది. వెన్ను తిన్నగా ఉంది. గుమాస్తా వచ్చి, రాయి మీద కొట్టినా ఊడేలా లేదండీ అని మెచ్చుకుని తీసుకెళ్ళాడు. ఆ తర్వాత చీటీలను జేబులోంచి తీసి, బల్ల సొరుగులో దారపు ఉండల కింద తోసేశాడు.

ఆ సాయంత్రం అతను పిల్ల ఎదురుగా కూర్చోలేదు. తలనొప్పి అన్నాడు. మర్నాడూ తలనొప్పే. వారం గడిచాక పిల్లే పుస్తకం పట్టుకొచ్చి, ఇవాళైనా కూచుంటావా నాన్నా అని అడిగింది. ఇంకా పెద్ద దెబ్బేదో దాచిపెట్టాడేమోనని భయం దానిది. నువ్వే చదువుకో అని ముఖం తిప్పేసుకున్నాడు. సిగ్గు పడటం కూడా చేతకాని మనిషికి అది కోపంలాగే బయటపడుతుంది. పిల్ల దాన్ని కోపమనే అనుకుని, గోడవైపు తిరిగి చదువుకుంది.

పదో రోజు మధ్యాహ్నం భార్య కొట్టుకు వచ్చింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ పని మధ్యలో కొట్టుకు రావడం అదే మొదలు. క్లినిక్ కోటు కూడా విప్పలేదు. పరీక్షకు కూర్చోనివ్వని వాళ్ళ పట్టీ బళ్ళో గోడకు అంటించారట, అందులో అమ్మడి నంబరు ఉందట. పదిహేడు రోజులు చీటీ లేకుండా ఎగ్గొట్టినట్టు రాశారట. పిల్ల ఇంటికి రాకుండా తిన్నగా క్లినిక్‌కు వచ్చి, బల్ల కింద కూచుందట.

"ప్రతి రోజుకీ చీటీ ఇచ్చాం. నేనే సంతకం పెట్టాను" అంది ఆవిడ. అన్నాక గానీ ఏమన్నదో ఆవిడకే తెలియలేదు. ఆ రోజుల్లో పిల్ల ఇంట్లోనే ఉందన్న సంగతి భర్తకు తెలియకూడదనే కదా ఇన్నాళ్ళూ దాచింది. గబుక్కున ఒక అడుగు గుమ్మం వైపు వేసింది.

అట్టలాయన ఆ అడుగు చూశాడు. ఆవిడ మీద అతను ఏనాడూ చెయ్యి చేసుకోలేదు. ఆ మాట నలుగురిలో గొప్పగా చెప్పుకునేవాడు కూడా. అయినా ఆవిడ అడుగు గుమ్మం వైపే పడింది. సొరుగు లాగి, దారపు ఉండలు తీసి, చీటీలు బల్ల మీద పెట్టాడు.

ఆవిడకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. తర్వాత బల్లకు ఇటుపక్కనే నిలబడి, గొంతు పెంచకుండా మాట్లాడింది.

"దాని వేళ్ళు ముడుచుకునేవి కావు. పెన్ను నిలిచేది కాదు. అలా పంపితే ఎవరో ఒకరు అడుగుతారు, అడిగితే మన పరువేం కావాలని ఇంట్లో ఉంచేశాను. చెయ్యి కాస్త తగ్గాక, ఆ రోజు తేదీ వేసి అబద్ధాలు రాయమన్నదీ నేనే. నాన్న గురించి మంచిగా రాయమని మాత్రం నేను చెప్పలేదు. అది దానంతటదే రాసుకుంది." చీటీలను దగ్గరికి తీసి సర్దింది. "మీ పరువు కోసం పదిహేడు రోజులు పోయాయి. ఇప్పుడు ఏడాది పోతుందంటే నేను ఊరుకోను."

ఏం చెయ్యాలో కూడా ఆవిడే చెప్పింది. బల్ల కింద జారిపడ్డాయి, ఇప్పుడు దొరికాయి అంటే సరిపోతుంది. ఇరవై ఆరేళ్ళ పేరుంది, గుమాస్తా నమ్ముతాడు. అట్టలాయన తలూపాడు. ఆ దారి ఎంత తేలిగ్గా ఉందో చూసి ప్రాణం లేచొచ్చింది. అలా లేచొచ్చినందుకు మళ్ళీ సిగ్గేసింది.

మర్నాడు పొద్దున బడికి వెళ్ళాడు. పెద్ద మేడమ్ గది ముందు బెంచీ మీద కూచుంటే, పై క్లాసులోంచి ఎక్కాలు వల్లెవేస్తున్న గొంతులు వినపడ్డాయి. ముప్పై ఏడేళ్ళవాడికి అరచేతులు తడిసిపోయాయి. ప్యాంటుకు తుడుచుకుని, చీటీలున్న కవరు రెండో చేతిలోకి మార్చుకున్నాడు. తరగతిలోంచి అమ్మడిని పిలిపించారు. ఆ పిల్ల వచ్చి, అతనికి అటు చివర, బెంచీ అంచు మీద కూచుంది.

ఇద్దరినీ లోపలికి పిలిచేసరికి గుమాస్తా పుస్తకంతో సిద్ధంగా ఉన్నాడు. అట్టలాయన అనుకున్న మాటే అన్నాడు. బల్ల కింద పడిపోయాయండీ, పొరపాటు నాదే. గుమాస్తా నవ్వేసి, మీ దగ్గర కూడా పొరపాట్లుంటాయని ఇవాళే తెలిసిందన్నాడు. పని అయిపోయినట్టే. చీటీలు అతికించి, నంబరు కొట్టేస్తే సరి. కానీ పెద్ద మేడమ్ చెయ్యి చాపి చీటీలు అడిగింది.

ఆవిడ అయిదో పదో చదివింది. వయసైన మనిషి, కళ్ళజోడు ముక్కు మీదికి జారి ఉంటుంది, తొందరేమీ లేదు. చదివి, కళ్ళజోడు పైనుంచి అతని వంక చూసి, పిల్లను ఇంత ప్రాణంగా చూసుకునే తండ్రిని ఈ మధ్య చూడలేదంది. పెద్దగా చదివి వినిపించింది కూడా: నాన్న నాకు అన్నం తినిపించారు. ఆ మాట నమ్మి అన్నదో, లోతు చూద్దామని అన్నదో ఈ రోజుకీ అతనికి తెలియదు. పిల్ల తల వంచుకుని చెప్పుల వైపు చూస్తోంది. గుమాస్తా మెచ్చుకోలుగా తలాడిస్తున్నాడు. అభినందన పుచ్చుకోవడానికి చేతులు జోడించాల్సిన చోటు అది.

చేతులు లేవలేదు.

"ఇవి పడిపోలేదు మేడమ్" అన్నాడు. "నేనే తీసేశాను. ఇందులో రాసింది ఒక్కటీ నిజం కాదు. జ్వరం లేదు, మెట్లు లేవు. నేను కొట్టాను. ఇనుప స్కేలుతో. ఈ పదిహేడు రోజులూ అది రాయలేక బడికి రాలేదు. అంతకుముందు రాయలేకపోయినా వచ్చేది. నేను తినిపించలేదు మేడమ్. ఒక్కసారి కూడా తినిపించలేదు."

గొంతు ఎక్కడా తడబడనందుకు అతనికే ఆశ్చర్యమేసింది. సిగ్గుతో చెవులు కాలిపోతున్నా, ఏదో బరువు దిగుతున్నట్టుంది. వచ్చే ముందు మనసులో ఎక్కడో అనుకున్నాడు కూడా, నిజం చెప్పేస్తే పిల్ల తన వంక చూస్తుందని, ఎలా చూస్తుందో తెలియదు గానీ చూస్తుందని. పెద్ద మేడమ్ తిడుతుంది, పోలీసులను పిలుస్తుంది, పిలవనీ. దేనికైనా సిద్ధమే అనుకుని నిలబడ్డాడు. జరిగినదానికి మాత్రం సిద్ధంగా లేడు.

"లేదు మేడమ్" అంది అమ్మడు.

బళ్ళో ఏడాదిగా నోరు విప్పని పిల్ల లేచి నిలబడి, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. "నాన్నకి గుర్తులేదు మేడమ్. నాకు జ్వరమే వచ్చింది. నాన్న నన్నెప్పుడూ కొట్టలేదు. నాన్న చాలా మంచివారు." ఎక్కడా తడుముకోలేదు. ఇంట్లో అతని ఎదురుగా ఒక్క జవాబు ఇంత తప్పులేకుండా చెప్పలేదు.

గుమాస్తా పుస్తకంలోకి దూరిపోయాడు. పెద్ద మేడమ్ ఆ పిల్లను చేతులు చూపించమనలేదు. నువ్వు చెప్పింది విన్నానమ్మా, కాసేపు బయట కూచో అంది మెత్తగా. తలుపు మూసుకున్నాక చీటీలు గుమాస్తాకు ఇచ్చి, వీటిని చేర్చి ఆ నంబరు కొట్టెయ్యండి, పిల్ల పరీక్ష రాస్తుంది అని చెప్పింది. తర్వాత అట్టలాయన వైపు తిరిగి, రేపటి నుంచి సాయంత్రం ఆరింటి దాకా పిల్ల బళ్ళోనే లెక్కల టీచరు దగ్గర చదువుకుంటుందనీ, ఇంట్లో ఇక పుస్తకం ముట్టుకోనక్కర్లేదనీ, అతనసలు ముట్టుకోకూడదనీ అంది. వారానికోసారి పిల్లతో తనే విడిగా మాట్లాడుతుందట. ఇంకొక్క సెలవు చీటీ వస్తే దాన్ని చదవనని, నేరుగా ఇంటికే వస్తానని, ఒంటరిగా రానని చెప్పింది. అన్నిటికీ అతను తలూపాడు. ఇన్ని మాటల్లో ఒక్క తిట్టు లేదు. ఉంటే బాగుండేది.

బయటికొచ్చేసరికి వరండాలో ఎవరూ లేరు. పిల్ల బెంచీ దగ్గర నిలబడి ఉంది. పరీక్ష రాయనిస్తారని చెప్పాడు. ముఖం విప్పారుతుందేమోనని చూశాడు, తలూపింది, అంతే. అడగకూడదని అతనికి తెలుసు, అయినా అడిగేశాడు. ఉన్నదున్నట్టు నేనే చెప్పేశాను కదమ్మా, మళ్ళీ నువ్వెందుకలా అన్నావు అని.

పిల్ల గోడకు ఆనుకుంది. జవాబు వచ్చా రాదా అని అతని ముఖంలో వెతికినట్టు చూసింది.

"వాళ్ళందరి ముందూ నీకు సిగ్గయింది కదా నాన్నా" అంది. "ఇంటికెళ్ళాక ఆ కోపం నా మీదే వస్తుంది."

అట్టలాయన తండ్రి కూడా ఒకసారి మిల్లు ముందు నలుగురిలో మాట పడి ఇంటికొచ్చాడు. ఆ సాయంత్రం తను ఏ ఎక్కం దగ్గర తప్పాడో అతనికి ఇప్పటికీ తెలుసు. ఇక కొట్టనమ్మా అన్నాడు. చాలా చిన్నగా, ఎవరినో బతిమాలుతున్నట్టు వచ్చింది ఆ మాట. ఇలాంటి మాట తన నాన్న అని ఉంటే తను నమ్మేవాడా అని ఆలోచించబోయి, జవాబు తెలిసి ఆగిపోయాడు.

"సరే నాన్నా" అంది పిల్ల. అతను ఏది చెప్పినా ఆ పిల్ల ఆ మాటే అంటుంది.

పై నుంచి పీరియడ్ గంట వినపడింది. వెళ్ళనా అని అడిగింది. వెళ్ళమ్మా అన్నాడు. అతని చెయ్యి అందనంత దూరం దాకా అతని వైపే చూస్తూ వెనక్కి నడిచి, అప్పుడు తిరిగి మెట్లెక్కి తరగతికి వెళ్ళిపోయింది.